వెర్నా చొక్కా ముక్క

పెల్కోనెన్ అన్నదమ్ముల వేట క్యాంపులో గోడకు దేవుడి పటం లేదు, క్యాలెండరూ లేదు. ఉన్నవల్లా ఇరవై తొమ్మిది చొక్కా ముక్కలు. జింక మీద బాణం వేసి గురి తప్పినవాడు ఎవడైనా సరే, వచ్చి పొయ్యి ముందు వీపు తిప్పి నిలబడాలి. చొక్కా వెనక కిందిభాగం కత్తిరించి, దాని మీద పేరు, ఏడాది, ఎన్ని అంగల దూరం నుంచి తప్పాడో రాసి గోడకు మేకు కొడతారు. చొక్కా నిన్ననే కొన్నదైనా దయాదాక్షిణ్యాలు లేవు.

ఆ ఇరవై తొమ్మిదిలో పదకొండు గోర్డీవి. మూడు అతని తమ్ముడు లీరాయ్‌వి. ఆరు ఓన్ని బాబాయివి. ఆయనకు ఎనభై నాలుగేళ్లు, ఇప్పుడు వేటకు వెళ్లడు, పొయ్యి పక్కన కూర్చుని వెళ్లినవాళ్లకు వంకలు పెడతాడు. మిగిలిన ముక్కలు చచ్చి స్వర్గాన ఉన్నవాళ్లవి. వెర్నాది ఒక్కటీ లేదు.

వెర్నా లీరాయ్ భార్య. ఏడాదంతా స్కూలు బస్సు నడుపుతుంది. బాణాల వేట మొదలయ్యే అక్టోబరు మొదటి వారం మాత్రం ఒంట్లో బాగోలేదని సెలవు పెడుతుంది. ఆ వారం ఆ ఊళ్లో సగం మందికి ఒంట్లో బాగోదు, కనక ఎవరూ ఏమీ అనరు. పంతొమ్మిదేళ్లలో ఆమె వేసినవి పదిహేడు బాణాలు, తెచ్చినవి పదిహేడు జింకలు. ఈ లెక్క ఆమెకు ఎంత ఇష్టమంటే, ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

ఆ జింకలన్నీ కాంపౌండు విల్లుతో కొట్టినవి. దానికి చక్రాలుంటాయి, తీగలుంటాయి, గురి చూసుకోవడానికి రంగు చుక్కలుంటాయి, మణికట్టుకు కట్టుకుని వేలితో నొక్కే మీట ఒకటుంటుంది. తాడు ఒకసారి వెనక్కి లాగేశామంటే బరువంతా చక్రాలే మోస్తాయి. అలా లాగి పట్టుకుని, జింక తీరిగ్గా చెట్టు చాటునుంచి బయటికొచ్చేదాకా చిన్న కునుకు తీసినా తీయొచ్చు.

కిందటేడు భోజనాల దగ్గర గోర్డీ నోరు జారాడు. జారడం దానికి అలవాటే.

"వేట నీదేంటమ్మా వెర్నా? వేటంతా ఆ సామానుది. నువ్వు మీట నొక్కుతావు, అంతే. మా ఇంట్లో బట్టలుతికే మిషనుకీ అలాంటి మీటే ఉంది."

"నీ విల్లుకీ అదే మీట ఉందిగా గోర్డీ. పదకొండు సార్లు ఏం నొక్కావు మరి?"

అందరూ నవ్వారు, గోర్డీ కూడా నవ్వాడు. కానీ ఆ మాట వెర్నాకు చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. జనవరిలో, కిటికీల దాకా మంచు పేరుకున్న రోజుల్లో, కాంపౌండు విల్లు తీసి అటక మీద పడేసింది. ఒక నాటు విల్లు తెచ్చుకుంది. వంగిన కర్ర, తాడు, అంతే. చుక్కల్లేవు, చక్రాల్లేవు, మీట లేదు. ఎండాకాలమంతా ఇంటి వెనక గడ్డిమోపు మీద బాణాలు వేసింది. మూడు వేళ్లు బొబ్బలెక్కి, కాయలు కాచి, బస్సు స్టీరింగు పట్టుకుంటే గరగరలాడాయి.

"ఆ గడ్డి ఎప్పుడో చచ్చిపోయింది, ఇక వదిలెయ్ దాన్ని," అన్నాడు లీరాయ్.

ఓన్ని బాబాయి విల్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "జింకను కొట్టాలంటే ఇదెందుకే పిల్లా? పద్నాలుగేళ్లు నేను ఇలాంటిదాంతోనే తిరిగా. ఒక్కటంటే ఒక్కటే పడింది. అదీ నన్ను చూసి నవ్వు ఆపుకోలేక పడిందేమో."

వెర్నాకు భయం లేకపోలేదు. ఈ కర్రతో జింకను కొడితే గోర్డీ నోరు మూతపడుతుంది. తప్పిందా, ఇన్నేళ్ల మచ్చలేని పేరు గోడకెక్కుతుంది, గోర్డీ నోరు చచ్చేదాకా మూతపడదు.

వేట మొదలైన మూడోరోజు తెల్లారేసరికి ఆమె సెడార్ చెట్ల మధ్య మంచె మీద ఉంది. ఒళ్లంతా చలి, ముక్కు కారుతోంది, పొద్దున తాగిన కాఫీ బయటికి పంపమని గోల చేస్తోంది. సరిగ్గా అప్పుడే జింక వచ్చింది. మంచి మగజింక, కొమ్ములకు ఎనిమిది కొనలున్నవాడు. వచ్చి, మంచెకు ఎదురుగా ఉన్న ఫర్ చెట్టు వెనక తల దాచుకున్నాడు. ఇంకో రెండు అడుగులు వేస్తే డొక్క బయటపడుతుంది.

పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే వెర్నా చేసింది. జింక తల చాటున ఉండగానే విల్లు లాగి పట్టుకుంది, కదలిక దానికి కనిపించకుండా. పద్ధతి ప్రకారం చేసింది, పాపం. ఒక్కటే మర్చిపోయింది, ఈ విల్లుకు చక్రాల్లేవు. నలభై ఐదు పౌన్ల బరువూ ఆమె మూడు వేళ్ల మీదే ఉంది.

జింక చెట్టు వెనక ఏదో నములుతోంది. తొందరేం లేదు దానికి.

పది లెక్కపెట్టేసరికి భుజం వణికింది. ఇరవైకి మోచెయ్యి వణికింది. ముప్పైకి మంచె వణికింది. వదలకుండా మెల్లగా సడలిద్దామంటే కదలిక కనపడుతుంది. పట్టుకుందామంటే చెయ్యి ఊడొచ్చేలా ఉంది. జింక రెండు అడుగులు వేసి, డొక్క మొత్తం ఆమెకు చూపిస్తూ, ఫొటో తీయించుకునేవాడిలా నిలబడింది. వెర్నా చూపుడువేలు మీట కోసం వెతికింది. మీట లేదు. వేలు ఇంకా వెతికింది. ఆ వెతుకులాటలో తాడు దానంతటదే జారింది.

బాణం జింక వీపు మీంచి వెళ్లి కుళ్లిన దుంగలో దిగబడింది. జింక ఎగిరి నాలుగు గెంతులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది. దుంగలో ఊగుతున్న బాణం ఈకల్ని వాసన చూసింది. తల ఎత్తి మంచె మీద వెర్నాను చూసింది. ఆమె కళ్లలోకి చూస్తూనే ఆ దుంగ మీద తీరిగ్గా ఉచ్చ పోసి, నడుచుకుంటూ వెళ్లిపోయింది. పరిగెత్తను కూడా లేదు.

వెర్నా దిగి అంగలు కొలిచింది. పన్నెండు. బస్సు ఈ చివరనుంచి ఆ చివరకున్నంత దూరం లేదు. ముక్కు మూసుకుని బాణం ఊడబీకి, ఆకులతో తుడిచి, అమ్ములపొదిలో పెట్టేసింది. చుట్టూ చూసింది. ఒక్క నరమానవుడు లేడు.

మధ్యాహ్నం క్యాంపులో మాంసం, బంగాళదుంప కూరిన పాస్టీలు వేడెక్కుతున్నాయి.

"ఏమన్నా కనిపించిందా?" అడిగాడు లీరాయ్.

"ఏం లేదు," అంది వెర్నా, పాస్టీ విరుస్తూ.

గోర్డీ అప్పటికే తన ఏడో ముక్క కథ ఎత్తుకున్నాడు. తుమ్ము వచ్చి బాణం వదిలేసిన కథ. తొమ్మిదేళ్లుగా ప్రతి ఏడాదీ చెబుతున్నాడు, ప్రతి ఏడాదీ తుమ్ము పెద్దదవుతోంది. దాని తర్వాత లీరాయ్ తన కథ చెప్పాడు. తర్వాత ఓన్ని బాబాయి, బాణం పోయి సొంత లారీ టైరుకు గుచ్చుకున్న కథ. నవ్వీ నవ్వీ గోర్డీకి పొలమారింది.

వెర్నా నములుతూ వింటోంది. ఈ బల్ల దగ్గర ఇన్నేళ్లుగా ఆమె చేసింది ఇదే. ఆమె పదిహేడు జింకల్లో ఒక్కదానికీ కథ లేదు. వచ్చింది, నొక్కాను, పడింది, అంతే. చెబితే "భేష్" అనేవాళ్లు, కెచప్ ఇటివ్వమనేవాళ్లు. ఇప్పుడు కడుపులో ఒక కథ ఉంది. గోర్డీ తుమ్ము దాని కాలిగోటికి సరిపోదు. పరువు ఒకవైపు లాగుతోంది, కథ ఒకవైపు లాగుతోంది. జింక ఉచ్చ పోయడం గుర్తొచ్చేసరికి ఇక ఆగలేకపోయింది.

"నేను అబద్ధం చెప్పా," అంది. "ఎనిమిది కొనల కొమ్ములది వచ్చింది. పన్నెండు అంగలు."

మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. వేలు మీట కోసం వెతకడం చేసి చూపించింది. జింక నడక నడిచి చూపించింది. లీరాయ్ బల్ల మీద తల వాల్చి, బల్లను గుద్దుతూ నవ్వాడు. ఓన్ని బాబాయి కట్టుడు పళ్లు తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు.

వెర్నా లేచి, పొయ్యి ముందుకు వెళ్లి, వీపు తిప్పి నిలబడింది. కత్తిరించేది ఎప్పుడూ గోర్డీయే. ఎక్కువ ముక్కలున్నవాడికి ఆ హక్కు.

కత్తెర చప్పుడు రాలేదు.

"కూర్చో తల్లీ, పాస్టీ చల్లారిపోతుంది," అన్నాడు గోర్డీ, ఎప్పుడూ లేని మెత్తని గొంతుతో. "ఆ కర్రతో మొదటి ఏడాది. అది లెక్కలోకి రాదులే."

"పైగా ఎవరూ చూళ్లేదు కూడా," అన్నాడు లీరాయ్. "పోనీలే వెర్నా."

వాళ్లు ప్రేమగానే అన్నారు. అందుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెక్కిరిస్తారని భయపడింది గానీ, వదిలేస్తారని అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లు వచ్చినందుకు ఇంకా మండింది.

"గోర్డీ, నువ్వు తుమ్మినప్పుడు ఎవరు చూశారు?"

"అది వేరు..."

"ఏంటి వేరు? నేను తప్పింది లెక్కలోకి రాకపోతే, కొట్టినవి వచ్చాయా? పదిహేడూ ఆ మిషనుకి రాశారు కదా. ఇప్పుడిది కర్రకి రాస్తారా? మరి నేను ఇక్కడికి దేనికొస్తున్నా, పాస్టీలు వేడి చెయ్యడానికా?"

ఓన్ని బాబాయి పళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

"కత్తెర తియ్యరా గోర్డీ," అన్నాడు. "పన్నెండు అంగల్లో నేను కూడా తప్పలేదురా ఎప్పుడూ. ఇది గోడకెక్కకపోతే ఇంకేది ఎక్కుతుంది?"

గోర్డీ లేచాడు. ముఖం ఎర్రబడింది. చొక్కా అంచు పట్టుకుని, జేబురుమాలంత ముక్క కొయ్యబోయాడు.

"నీదెంతుందో అంత కొయ్యి," అంది వెర్నా, తల తిప్పకుండా.

గోర్డీ ఒకసారి గోడ వైపు చూసి కొలత వేసుకున్నాడు. కర్రున కోశాడు, నడుము పైదాకా. చల్లగాలి వీపుకు తగిలి వెర్నా ఒళ్లు జలదరించింది. అతను ముక్కను బల్ల మీద పరిచి, నాలిక బయటపెట్టి, ఏడాది వేసి, పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: వెర్నా, పన్నెండు అంగలు. తలుపు వెనక మూలకు తీసుకెళ్లబోతే ఆమె ఆపింది. అతని పదకొండింటినీ కాస్త పక్కకు జరిపించి, నడిమధ్యన మేకు కొట్టించింది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు," అన్నాడు గోర్డీ కూర్చుంటూ. "వేలు దగ్గర్నుంచి కాదు, మొదట్నుంచి."

వెర్నా పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, కాఫీ దగ్గర్నుంచి ఎత్తుకుంది. ఈసారి ఇంకా నిదానంగా చెప్పింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ కెచప్ అడగలేదు.