అతుకు విడిన గాలపు కర్రలు

ఆ ఏప్రిల్‌లో మొదటి కర్ర తిరిగొచ్చింది. పొడుగాటి రేకు గొట్టంలో పెట్టి, ఓరిన్ టెర్విలిగర్ గారి పేరు రాసి, ఆల్బనీ నుంచి ఒక పళ్ళ డాక్టరు పంపాడు. లోపల చీటీలో ఒకటే మాట: "మూడో చేపకే విచ్చుకుంది." చేతిలోకి తీసుకుని చూశాను. మాది ఆరు వెదురు బద్దల్ని అతికించి చేసే కర్ర. బద్దల మధ్య అతుకు కంటికి కనబడకూడదు. ఆ కర్రకి నడుమ దగ్గర గోరు దూరేంత చీలిక ఉంది.

నెల తిరిగేలోగా ఇంకో మూడు వచ్చాయి.

ఓరిన్ గారి గాలపు కర్రల దుకాణంలో నేను చేరి అప్పటికి పదిహేనేళ్ళు. కర్ర పొడవునా చిన్న తీగ రింగుల్ని పట్టుదారంతో చుట్టి కట్టడం నా పని. ఓరిన్ గారికి అరవై ఎనిమిది. క్యాట్‌స్కిల్ కొండల్లో, ఈకలతో కట్టిన ఈగని నీటి మీదికి విసిరి ట్రౌట్ చేపల్ని పట్టేవాళ్ళు ఆయన కర్ర కోసం రెండేళ్ళు ఆగేవారు. బద్దల్ని మూడు పలకలుగా, మొదలు లావుగా కొస సన్నంగా కోసే యంత్రం ఆయన సొంతంగా తయారు చేసుకున్నదే. అది వెనక గదిలో ఉండేది. ఆ గదికి రెండు తాళాలు, కిటికీ అద్దాలకి నల్ల రంగు. పదిహేనేళ్ళలో నేను ఆ గుమ్మం దాటలేదు. తలుపు కింది భాగంలో ఒక కంత ఉండేది. కోసిన బద్దలు ఆ కంతలోంచి బయటికి వచ్చేవి. మేం తీసుకునేవాళ్ళం.

నాలుగో కర్ర వచ్చిన రోజు ఓరిన్ గారు నన్ను గోదాములోకి పిలిచారు.

"తలుపు వెయ్యి వెర్నా. డెల్‌కి చెవులెక్కువ."

వేశాను. లోహపు పని చేసే డెల్ బల్ల ఆ గోడ అవతలే. ఓరిన్ గారు గోడ వారగా నిలబెట్టిన వెదుళ్ళ వైపు చెయ్యి చూపించారు. చైనాతో వ్యాపారం ఆగిపోయి అది మూడో ఏడు. మా పనికి పనికొచ్చే వెదురు అక్కడే దొరుకుతుంది. ఉన్న వెదుళ్ళతోనే ఎన్నాళ్ళు నెట్టుకొస్తే అన్నాళ్ళు. ఆయన ప్రతి వెదురు మొదట్లోనూ ఎర్ర పెన్సిలుతో నంబరు వేశారు.

"పద్దెనిమిది లేవు," అన్నారు.

"లెక్క తప్పారేమో."

"నేను వెదురు లెక్క తప్పను. వెదురు పోతోంది, కర్రలు విచ్చుకుంటున్నాయి. రెండూ ఒకడి పనే. జిగురు పెట్టేది ఎవరు?"

జిగురు పెట్టేది కాల్యు రౌడ్‌సెప్. ఎస్టోనియా నుంచి యుద్ధంలో పారిపోయి, జర్మనీలో శిబిరాల్లో నాలుగేళ్ళుండి, ఇక్కడికి చేరిన మనిషి. తన దేశంలో మంచు మీద జారే చెక్కలు చేసేవాడట. మా దగ్గర చేరి ఎనిమిది నెలలైంది. మాట తక్కువ. అన్నం వేళ కూడా అందరికీ వీపు పెట్టి తినేవాడు.

"నీ బల్ల కిటికీ దగ్గర కదా. వాడి మీద ఒక కన్నేసి ఉంచు. నాకు నువ్వొక్కదానివే దిక్కు," అన్నారు ఓరిన్ గారు.

ఆ మాట నాకు బాగుంది. అది ఒప్పుకోవాలి. ఆయన ఎవరినీ నమ్మే మనిషి కాదు. నన్ను నమ్మారని ఆ వారమంతా పట్టుదారం బిగించి లాగినట్టే నా నడుమూ నిటారుగా నిలిచింది.

ఒకసారి అనుమానంతో చూడడం మొదలుపెడితే అతను ఏం చేసినా వంకరగానే కనబడింది. జిగురు గిన్నెని వెలుతురుకి ఎత్తి పట్టి చూసేవాడు. ఎందుకు? బద్దల్ని బొటనవేలితో తడిమి, ఓరిన్ గారి తలుపు వైపు ఒకసారి చూసి, తల దించుకునేవాడు. ఎందుకు? శుక్రవారాల్లో పొడుగు కోటు వేసుకుని ఇంటికెళ్ళేవాడు, ఎండ కాస్తున్నా సరే. ఒక కాలు మడవకుండా నడిచేవాడు.

కర్ర ముక్కల్ని కలిపే లోహపు గొట్టాల్ని లేతు మీద తయారు చేసే డెల్ హాస్‌బ్రూక్ అది నాకన్నా ముందే పట్టాడు. "ఏం కాల్యూ, మోకాలికి మేకు దిగిందా? లేకపోతే రష్యావాళ్ళ తుపాకీ ఏమన్నా దాచావా లోపల?"

"చలి," అన్నాడు కాల్యు.

"చలట. మేలో చలట. వెర్నా, నీకు చలేస్తోందా?"

నేను నవ్వాను. ఆ సాయంత్రమే వెళ్ళి ఓరిన్ గారికి చెప్పాను.

తర్వాతి శుక్రవారం ఆయన వాకిట్లో అడ్డంగా నిలబడ్డారు. "కోటు విప్పు."

కాల్యు విప్పాడు. లోపల న్యూస్‌పేపర్లో చుట్టిన కట్ట, చంక నుంచి మోకాలి దాకా. ఓరిన్ గారు దాన్ని చింపారు. మూడు పలకల బద్దలు, పదిహేనో పదహారో, నేల మీద పడ్డాయి.

"ఇవి పొయ్యి పక్క బుట్టలోవి. మీరు కాల్చడానికి పారేసినవి," అన్నాడు కాల్యు.

"మరైతే దాచడం దేనికి? నా కోత ఎవడికి చూపిస్తున్నావు? ఎవడు పెట్టాడు నిన్ను ఇక్కడ?"

"ఎవరూ పెట్టలేదు."

"ఇంక రాకు."

కాల్యు వంగి ఒక బద్ద తీశాడు. ఓరిన్ గారికివ్వలేదు. నా వైపు చాచాడు. "కొలిచి చూడండి మిసెస్ క్రోమ్," అన్నాడు. నేను చెయ్యి చాపలేదు. ఓరిన్ గారు దాన్ని లాక్కుని మిగతావాటితో పాటు పొయ్యిలో పడేశారు. నేను చెప్పానని కాల్యుకి తెలిసిపోయింది. కోటు చేతి మీద వేసుకుని, ఈసారి రెండు కాళ్ళూ మడుస్తూ, వంతెన దాటి వెళ్ళిపోయాడు.

జిగురు పని నాకొచ్చింది. మొదటి రోజే ఆరు బద్దలూ ఒకదానికొకటి సరిగా కూర్చోలేదు. దారం చుట్టి బిగిస్తే మూడు కూర్చునేవి, నాలుగోది పైకి లేచేది. చేతకాకనే అనుకుని ఇంకా బిగించాను. వార్నిష్ వేశాక వెలుతురుకి పెడితే అతుకుల వెంట నల్లటి గీతలు. అప్పుడు డెల్ మీద అనుమానమొచ్చింది. నన్ను ఏడిపించడానికి బద్దలు మారుస్తున్నాడేమోనని రెండు రోజులు అతని చేతుల్నే చూశాను. పాపం, అతనికి నా బల్ల వైపు వచ్చే తీరికే లేదు.

పైగా గోదాములో వెదుళ్ళు ఇంకా తగ్గుతూనే ఉన్నాయి. కాల్యు వెళ్ళి మూడు వారాలైంది.

డెల్ దగ్గర గడియారం లాంటి కొలత పరికరం ఒకటి ఉంటుంది. అతను భోజనానికి వెళ్ళినప్పుడు, కంతలోంచి అప్పుడే వచ్చిన ఆరు బద్దల్ని దాని కింద పెట్టాను. ఒక పక్కకీ ఇంకో పక్కకీ తేడా. ఒక బద్దకి ఎడమ ఎక్కువ, ఇంకోదానికి కుడి ఎక్కువ. జిగురు ఎవరు పెట్టినా అవి నిలవవు. ఆ బద్దలు తలుపు అవతల నుంచే అలా వస్తున్నాయి.

ఆదివారం చర్చి అయ్యాక రెండు బద్దలు సంచిలో పెట్టుకుని కాల్యు ఇంటికెళ్ళాను. విల్లోవీమాక్ నది మలుపు మీద, పాత రంపపు మిల్లు పక్క అద్దె ఇల్లు. అతని భార్య హెల్వి తలుపు జానెడే తెరిచింది.

"ఆయన పంపాడా?"

"లేదమ్మా. నేనే వచ్చాను."

ఆమె నా వెనక రోడ్డు మీద ఎవరన్నా ఉన్నారేమోనని చూసి, అప్పుడు పక్కకి జరిగింది. కాల్యు వంటింటి బల్ల దగ్గర చిత్రిక పడుతున్నాడు. మేపుల్ చెక్కలో సన్నటి గాడి తవ్వి, అందులో బద్ద పెట్టి, వెదురు పైపొర తెగకుండా, కాగితం కంటే పల్చటి పొట్టు తీస్తున్నాడు. గోడకి నాలుగు కర్రలు వేలాడుతున్నాయి. నేను తెచ్చిన బద్దలు బల్ల మీద పెట్టాను.

"కొలిచాను," అన్నాను.

"ఆలస్యంగా కొలిచారు."

"నాదే తప్పు. నేనే చెప్పాను ఆయనకి. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

అతను చిత్రిక ఆపలేదు. "చలికాలం నుంచి కోత తప్పుతోంది. యంత్రం చెడితే రోజూ ఒకేలా చెడుతుంది. ఇది రోజుకో రకం. అంటే యంత్రం కాదు. దాన్ని సరిచేసే కళ్ళు."

"తెలిసి ఎందుకు చెప్పలేదు మరి?"

"ఎవరు నమ్ముతారు? ముసలాయనకి కళ్ళు పోతున్నాయని నిన్నగాక మొన్న వచ్చినవాడు చెప్పాలా? మా ఊళ్ళో పక్కింటాయన నా గురించి అధికారులకి ఒక్క మాట చెప్పాడు, అప్పుడు నాకు దేశమే పోయింది. ఇక్కడ పని ఒక్కటే పోయింది."

అతను లేచి గోడ మీంచి ఒక కర్ర తీశాడు. ఓరిన్ గారు పారేసిన బద్దల్ని మళ్ళీ చిత్రిక పట్టి చేసిన కర్ర. "విసిరే చెయ్యే కదా మీది. విసిరి చూడండి," అన్నాడు.

ఇంటి వెనకే నది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగాను. గాలపు దారాన్ని నీటి మీంచి లేపి వెనక్కి విసిరాను. అది గాలిలో చాచుకుని తెరుచుకుంటుంటే ఆ బరువు కర్ర కొస నుంచి అరచేతిలోకి నెమ్మదిగా దిగొచ్చింది. తొందర పెట్టదు, ఆలస్యం చెయ్యదు. ముందుకి వంచితే చాలు, దారం తనంతట తానే వెళ్ళి ఈగని రాయి పక్కన ఊపిరి వదిలినంత మెల్లగా దించింది. పదిహేనేళ్ళు అలాంటి కర్రలకి దారం చుట్టాను గానీ, ఓరిన్ గారి మంచి రోజుల్లో చేసినవి తప్ప ఇలాంటిది పట్టుకోలేదు. నాలుగోసారికి ఒక ట్రౌట్ లేచింది. కర్ర మొదలు దాకా వంగింది. చేప తల ఆడించిన ప్రతిసారీ మోచేతికి తెలిసింది. ఏ అతుకూ కదల్లేదు. దాన్ని నీళ్ళలోకి వదిలేసి నేనొక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

వెనక్కి తిరిగితే హెల్వి కిటికీలోంచి చూస్తోంది. నేను కర్రతో పారిపోకుండా కాపలా.

సోమవారం వెనక గది తలుపు కొట్టాను. ఓరిన్ గారు తియ్యలేదు.

"ఏంటి?"

"బద్దలు తేడాగా వస్తున్నాయండీ. కొలిచాను."

లోపల యంత్రం ఆగింది. "ఎవడు చెప్పాడు కొలవమని? వాడి దగ్గరికెళ్ళావా? నిన్ను కూడా తిప్పుకున్నాడా?"

"తలుపు తియ్యండి. చూపిస్తాను."

తాళాలు రెండూ తీసి, సందులో మొహం పెట్టారు. నేను డెల్ కొలత గడియారాన్ని పట్టుకుని, "దీని ముల్లు ఎక్కడుందో మీరే చెప్పండి," అన్నాను. ఆయన దాని వైపు వంగారు. చాలాసేపు చూశారు.

"అరవై రెండు. ఉండాల్సినంతే ఉంది."

"ఇందులో బద్ద లేదండీ. ముల్లు సున్నా మీద ఉంది."

ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. తలుపు వదిలేసి లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. నేను మొదటిసారి ఆ గుమ్మం దాటాను. నేలంతా చెడిన బద్దలు. చిన్న పొయ్యి నోటిదాకా బూడిద. బూడిదలో కాలని వెదురు ముక్క మీద ఎర్ర పెన్సిలు నంబరు కనబడింది. పోయిన వెదుళ్ళన్నీ ఇక్కడికే వచ్చాయి.

"యంత్రం మరలు ఎవరో తిప్పుతున్నారనుకున్నాను," అన్నారు. "రోజూ సాయంత్రం సరిగ్గా పెట్టి వెళ్తాను, పొద్దునకి తేడాగా ఉంటుంది. అందుకే రెండో తాళం వేశాను. అయినా తేడాయే."

"ఇది కళ్ళదని తెలీదా మీకు?"

"కొన్ని రోజులు తెలిసేది. కొన్ని రోజులు వాడే అనిపించేది. వాడనుకున్న రోజే నయంగా ఉండేది."

ఆ మధ్యాహ్నమే ఆయన్ని నా పాత ఫోర్డ్‌లో ఎక్కించుకుని కాల్యు ఇంటికి తీసుకెళ్ళాను. హెల్వి లోపలికి రమ్మనలేదు. ఓరిన్ గారు వరండా మెట్టు కింద టోపీ తీసి నిలబడి, తప్పు తనదని, తిరిగి రమ్మని అన్నారు. కాల్యు అంతా విన్నాడు. రానన్నాడు. తాళం వేసిన గదులున్న చోట ఇంక పనిచెయ్యనన్నాడు. అయితే ఆయన కళ్ళు ఎలా ఉన్నాయో చూస్తానని గెడ్డం కింద చెయ్యి పెట్టి మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. "పొర," అన్నాడు. "మా అమ్మకీ ఇలాగే."

తర్వాత యంత్రం నేను నేర్చుకున్నాను. ఓరిన్ గారు పక్కన కూర్చుని, చూడక్కర్లేకుండా బొటనవేలి గోరుతో అతుకు తడిమి తప్పు చెప్పేవారు. నేను ఏం దాచిపెడుతున్నానోనని నా చేతుల్ని కూడా తడిమేవారు. విచ్చుకున్న కర్రలన్నిటికీ బదులు కర్రలు పంపాం. కాల్యు తన ఇంట్లోనే, తన పేరుతో, ఏడాదికి తొమ్మిదో పదో చేసేవాడు. మా మంచి వెదుళ్ళలో సగం అతనికిచ్చాం. తీసుకున్న ప్రతి వెదురునీ చీల్చి లోపల చూసిగానీ సరేననేవాడు కాదు. హెల్వి నాకు కాఫీ ఇవ్వడానికి రెండేళ్ళు పట్టింది.

మరుసటి జూన్‌లో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ ఒకే మడుగులో నిలబడ్డారు. ఓరిన్ గారు కర్ర విసరగలరు, ఆ చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఈగ మాత్రం ఆయనకి కనబడదు. చేప అందుకున్నప్పుడు చెప్పడం కాల్యు వంతు.

"ఇప్పుడు," అన్నాడు కాల్యు.

ఓరిన్ గారు లాగారు. ఖాళీ. ఇంకోసారి విసిరారు.

"ఇప్పుడు."

మళ్ళీ ఖాళీ. ఓరిన్ గారు ఒడ్డున ఉన్న నా వైపు తిరిగి, అతనికి వినబడేలాగే అన్నారు: "కావాలని ఆలస్యంగా చెప్తున్నాడు వెర్నా. నువ్వు చూస్తున్నావుగా?"

నేను కాల్యు వైపు చూశాను. అతను నీళ్ళ వైపే చూస్తున్నాడు, మొహంలో ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, ఆయన అన్నది అబద్ధమో కాదో నేనూ చెప్పలేకపోయాను.