ఎవరికీ చెప్పకండి

“ఇదిగో, ఫోను దగ్గర పెట్టుకో! ఇప్పుడు ఓటీపీ వస్తుంది. రాగానే చెప్పు!”

హాల్లోంచి మొగుడి కేక. ఆమె చేతులు మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. గ్యాసు గట్టు మీద ఉప్పు డబ్బా, దాని పక్కన ఆమె ఫోను. ఆ ఇంట్లో అప్పులన్నీ ఆ గట్టు మీదే పుట్టాయి. సోఫా అక్కడే పుట్టింది, గోడంత టీవీ అక్కడే పుట్టింది, మరిది బండి కూడా అక్కడే పుట్టింది. మెసేజి వచ్చినప్పుడల్లా ఆమె మోచేత్తో ఫోను జరుపుకుని, మెడ వంచి, ఆ అంకెలు గట్టిగా చదివేది. హాల్లోంచి “ఆఁ, అయిపోయింది!” అని వినబడేది. అంతే, ఇంకో అప్పు నెత్తిన పడేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా.

అన్నీ ఆమె పేరు మీదే ఎందుకూ అంటే, ఆయన పేరు ఏనాడో చెడింది గనక. వాయిదాలు ఎగ్గొట్టీ ఎగ్గొట్టీ ఏ బ్యాంకులోనూ అప్పు పుట్టకుండా చేసుకున్నాడు మహానుభావుడు. ఆమె సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటరు దగ్గర పొద్దస్తమానం నిలబడే మనిషి. సాయంత్రం లెక్కలో చిల్లర తక్కువైతే జీతంలో కోస్తారు. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతకడం అలవాటైంది. ఏ బిల్లూ గడువు దాటనిచ్చేది కాదు. అలా ఆమె క్రెడిట్ స్కోరు నిగనిగలాడుతూ ఉండేది. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. “మా కోడలి స్కోరు చూసి బ్యాంకువాళ్ళే ఫోన్లు చేస్తారండీ” అని అత్తగారు పక్కింటావిడతో గొప్పలు పోయేది. అదే కోడలు “ఇప్పుడు టీవీ అవసరమా అత్తయ్యా?” అని నోరు తెరిస్తే, “డబ్బు సంగతులు మగాళ్ళు చూసుకుంటార్లే అమ్మాయ్, నువ్వు పొయ్యి చూడు” అనేది. చూసుకున్నారు, బ్రహ్మాండంగా చూసుకున్నారు! కొనేది వాళ్ళు, కట్టేది ఈవిడ. జీతం పడ్డ సాయంత్రానికే ఖాతా ఖాళీ. మర్నాటి నుంచి బస్సు ఛార్జీలకి మొగుడి ముందు చెయ్యి చాపాలి. చాపితే, “మొన్ననేగా ఇచ్చాను?” అని నలుగురిలో అంటాడు. ఇచ్చాడట! ఆమె డబ్బే ఆమెకి!

ఇదంతా దిగమింగుకుంటూనే వచ్చింది గానీ, పన్ను దగ్గర మాత్రం దిగలేదు. కింది దవడలో, కుడిపక్క. “పన్ను చూపించుకోవాలండీ, నొప్పికి నిద్ర పట్టట్లేదు” అని ఎన్నడో చెప్పింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “ఇప్పుడంత ఖర్చెందుకు? రెండో పక్క నమలొచ్చుగా” అన్నాడు. మరిది ఫక్కున నవ్వాడు. ఆమె రెండో పక్కే నమిలింది. నెలల తరబడి నమిలింది.

నిన్న దవడ వాచిపోయి, నోరు తెరిచి బిల్లెంతో చెప్పలేకపోతే, మేనేజరు విసుక్కుంటూ పూట సెలవిచ్చాడు. పళ్ళ డాక్టరమ్మ చూసి, “ఇన్నాళ్ళెలా ఓర్చుకున్నావమ్మా?” అంది. వైద్యం ఖర్చు లోను తీసుకుని వాయిదాల్లో కట్టుకోవచ్చంది. ముందు గదిలో కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి వివరాలు కొట్టి చూసి, గొంతు తగ్గించింది. “సారీ మేడమ్, లోను రాదంటోంది. మీ పేరు మీద ఇప్పటికే చాలా లోన్లున్నాయట. ఈమధ్య రెండు వాయిదాలు తప్పాయి కూడా.” వెనక కూర్చున్నవాళ్ళందరూ విన్నారు. తప్పాయి మరి, బండి కూడా చేరాక జీతం చాలక తప్పాయి. సోఫాకి అప్పిచ్చారు. టీవీకిచ్చారు. మరిది ఊరేగడానికిచ్చారు. ఆమె నోట్లో పన్నుకి ఇవ్వలేదు. నొప్పి మాత్రలు కొనుక్కుని బస్సెక్కింది.

ఇంటికొస్తే గుమ్మంలోనే మొగుడు ఎదురొచ్చాడు. “కొత్త లోన్ యాప్ దొరికిందోయ్! స్కోరెలా ఉన్నా ఇస్తాడు. పాతవన్నీ దీంతో కట్టేసి, మిగిలింది తమ్ముడి కారుకి అడ్వాన్సు. ఇక ఒక్కటే వాయిదా, అదీ చిన్నది!”

వాచిన దవడ ఆయనకి కనబడనే లేదు.

“మొత్తం ఎంత కట్టాలండీ?”

“లెక్కలన్నీ నీకెందుకు?”

రోజంతా లెక్కలు కట్టే మనిషిని పట్టుకుని ఆ మాట! ఆమె ఆయన చేతిలో ఫోను లాక్కుని చూసింది. వాయిదా చిన్నదే, ఏళ్ళే పొడుగు. మనసులోనే గుణించింది. తీసుకునేదానికి రెట్టింపు దాటింది. పైకి చెప్పింది కూడా.

“నెలకెంతో చూసుకోవాలి గానీ, మొత్తం ఎవడు చూస్తాడే?” అన్నాడు.

అది నిన్నటి మాట. ఇప్పుడు గట్టు మీద ఫోను టింగుమంది.

“వచ్చిందా?”

ఆమె తొందరపడలేదు. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. ఫోను తీసి, మెసేజి మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఇన్నేళ్ళలో అంకెలు తప్ప కింద వాక్యం ఎప్పుడూ చదవలేదు. చదివే తీరిక ఎవరిచ్చారు గనక?

హాల్లోకొచ్చింది. ఆమె వాయిదాలు కడుతున్న సోఫాలో ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు.

“చెప్పు మరి!” అన్నాడు మొగుడు.

“ఈ నంబరు ఎవరికీ చెప్పకండి అని రాసుందండీ.”

“ఎవరికీ అంటే బయటివాళ్ళకి! నేను బయటివాణ్ణా?”

“కట్టేటప్పుడు అందరూ బయటివాళ్ళే. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను.”

“టైమైపోతోందే, చెప్పి తగలడు!”

“చెప్పను.” దవడ సలుపుతున్నా మాట తడబడలేదు. “నా పేరు మీదున్న పాతవి నేనే తీరుస్తాను. టీవీ అమ్మేద్దాం. బండి తోలేవాళ్ళు బండికి కట్టుకోవాలి, లేదా తాళాలు వెనక్కివ్వాలి. వచ్చే నెల జీతంలో ముందు నా పన్ను. కొత్త అప్పు మాత్రం నా నోట్లోంచి రాదు.”

ఆయన ఆవేశంగా మళ్ళీ ఏదో నొక్కాడు. ఆమె చేతిలో ఫోను మళ్ళీ టింగుమంది. ఆమె చూడకుండానే దాన్ని ఆపేసింది. మరిది మొహం మాడిపోయింది.

“అదేంటమ్మాయ్, పిల్లాడు కారు మీద అంత ఆశపడ్డాడు!” అంది అత్తగారు. “ఇప్పుడు వాడేం చెయ్యాలి?”

“నేను చేసిందే అత్తయ్యా,” అంది ఆమె. “రెండో పక్క నమలమనండి.”