నీలం అంచు తలగుడ్డ

ఆల్‌స్టా చర్చికి ఇటుకల కమాను కప్పు పడిన మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. సరస్సు ఒడ్డున తప్ప పచ్చదనం కంటికి ఆనలేదు. బీళ్ళలో గడ్డి చీపురుపుల్లల్లా ఎండిపోయింది. ఆవులు దాన్ని మూతులతో కదిపి, నమలకుండానే తలలెత్తి అరిచేవి. వేసవి సగానికొచ్చేసరికి ఊళ్ళో ఏ ఇంట్లోనూ ముంత నిండా పాలు లేవు, ఒక్క బెంగ్తా ఇంట్లో తప్ప.

బెంగ్తా ఆ ఊళ్ళో పుట్టింది కాదు. సముద్రంలోని ఆలాండ్ దీవుల నుంచి హాల్‌స్టెన్ పెళ్ళాడి తెచ్చుకున్న మనిషి. ఇన్నేళ్ళయినా మాటలో దీవుల యాస పోలేదు. పిల్లలు కలగలేదు. ఆ కమాను కప్పుకు కావలసిన సున్నపురాయి కాల్చింది హాల్‌స్టెనే. పని పూర్తయ్యాక అందరితోపాటు కింద నిలబడి, తలెత్తి, "మన బట్టీ సున్నమే, చూశావా, పాలలా ఉంది" అని భార్యను మోచేత్తో పొడిచాడు. ఆ చలికాలంలోనే రొమ్ము పట్టేసి, జ్వరంతో పోయాడు. మూడు ఆవులూ, సరస్సు వైపు పల్లంలో ఒక ముక్క నేలా, ఒంటరితనమూ ఆమెకు మిగిలాయి.

ఆ మూడు ఆవులే ఇప్పుడు ఆమె పీకల మీదికి తెచ్చాయి.

"ఏమే బెంగ్తా, మీ ఆవులు గడ్డి తింటున్నాయా, మా ఆవుల్ని తింటున్నాయా?" అని బావి దగ్గర ఒకావిడ నవ్వుతూ అడిగింది. పక్కవాళ్ళు నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే బెంగ్తాను భయపెట్టింది.

పుల్లలకు దారం చుట్టి, చిటికెన వేలి రక్తం మూడు బొట్లు సైతానుకిచ్చి ప్రాణం పోయిస్తే, ఆ పుల్లల కట్ట కుందేలై లేస్తుందనీ, తెల్లారేలోపు ఊరి ఆవులన్నిటి పాలూ తాగొచ్చి తనను పుట్టించిన ఆడదాని కుండలో కక్కుతుందనీ ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఎవరూ ఆమె మొహాన అనలేదు. కానీ ఆదివారం పూజకు వెళితే, ఉత్తరం గోడ వైపు ఆడవాళ్ళు నిలబడేచోట, ఆమె చుట్టూ జానెడు ఖాళీ మిగలసాగింది. వారం వారం ఆ ఖాళీ పెరిగింది. పొలాల్లో ఏరిన గుండ్రాళ్ళతో తాతముత్తాతలు కట్టిన గోడ అది, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. బెంగ్తా దానికి వీపు ఆనించి, కొవ్వొత్తుల పొగకు నల్లబడిన కర్ర మరియమాత వైపు చూస్తూ నిలబడేది. కాదని గట్టిగా చెబుదామంటే, అడగందే చెప్పడం తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని నోరు కట్టుకుంది.

ఎర్లండ్ మేస్త్రి ఊళ్ళోకి వచ్చింది అప్పుడే. చర్చి కప్పులకు బొమ్మలు వేయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఏళ్ళ తరబడి తల పైకెత్తి పనిచేసి మెడ పట్టేయడంతో, నేల మీదున్న మనిషితో మాట్లాడుతున్నా కళ్ళు చూరు వైపే ఉండేవి. బొమ్మలు పూర్తయ్యేదాకా ఇంటికొక వారం చొప్పున ఆయనకు భోజనం పెట్టాలని ఊరు అనుకుంది. మొదటి వంతు గుడి పెద్ద కెట్టిల్‌ది, అతని భార్య సిస్సెలాది.

బెంగ్తా వంతు దగ్గర పడ్డప్పుడు కెట్టిల్ టోపీ చేత్తో నలుపుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"ఒంటరిదానివి, నీకెందుకమ్మా శ్రమ? నీ వంతు కూడా మేమే చూసుకుంటాంలే."

"నా ఇంట్లో తిండి తినకూడదనేగా? సూటిగా చెప్పు కెట్టిల్."

"అబ్బే, అది కాదు..."

"కాకపోతే పంపించు."

కెట్టిల్‌కు ఆయన్ని పంపించక తప్పలేదు. మేస్త్రి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. బెంగ్తా బార్లీ రొట్టె, ఎండు చేప, తను కాచిన బీరు పెట్టి, మధ్యలో వెన్న గిన్నె ఉంచింది. ఆయన రొట్టె మీద వేలు మందాన వెన్న రాశాడు.

"మీ ఊరొచ్చాక వెన్న మొహం చూడటం ఇదే తల్లీ. గుడి పెద్ద ఇంట్లో దాని పేరెత్తినా తిట్టేట్టున్నారు."

బెంగ్తా పొయ్యి ఎగదోయడానికి వంగింది. తలగుడ్డ భుజం మీదుగా జారి, దాని నీలం అంచు మంట వెలుగులో పడింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మేస్త్రి చేతిలో రొట్టె గాలిలోనే ఆగిపోయి ఉంది.

"ఏం మేస్త్రి గారూ, వెన్నలో వెంట్రుక గానీ వచ్చిందా?"

"ఆ అంచు... ఈ ఊళ్ళో అందరూ కడతారా అమ్మా?"

"లేదండీ. మా దీవుల నేత. మా అమ్మ నేసిచ్చింది. ఇక్కడ నాకొక్కదానికే ఉంది."

ఆయన రొట్టె కింద పెట్టేశాడు. ఉన్న సంగతి చెప్పేశాడు. సైతాను సాయంతో ఊరి పాలు కాజేసే పాలదొంగ ఆడదాని బొమ్మ ఒకటి ఆడవాళ్ళ వైపు కప్పు మీద వేయమని ఊరి పెద్దలు అడిగారట. అలాంటివి ఆయన చాలా గుళ్ళలో వేసినవే. "ఆడదాని తలగుడ్డకి నీలం అంచు పెట్టండి, బాగుంటుంది" అని మాత్రం సిస్సెలా విడిగా చెప్పిందట, ఆయన అలాగే వేసేశాడట. "రంగు బాగుంటుందనే అంటోంది కదా అనుకున్నానమ్మా. ఇలా ఒక మనిషి మెడకు చుట్టడానికని నాకేం తెలుసు?"

బెంగ్తా పొయ్యి పక్కన కూలబడింది. మాటైతే గాలికి పోతుంది, ఇవాళ కాకపోతే రేపు మర్చిపోతారు. బొమ్మ అలా కాదు. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడూ, చచ్చినవాణ్ణి మోసుకొచ్చేటప్పుడూ జనం తలెత్తి దాన్ని చూస్తారు. తను మట్టిలో కలిసిపోయాక కూడా ఆ నీలం అంచు అక్కడే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళి, మేస్త్రి వద్దంటున్నా వినకుండా, పావడా నడుముకు దోపి పరంజా ఎక్కింది.

కింది నుంచి ఆకాశమంత దూరాన ఉండే కప్పు, పైకెక్కితే చెయ్యి చాపినంత దగ్గర. ఆమె అరచేయి దానికి ఆనించింది. హాల్‌స్టెన్ కాల్చిన సున్నం చల్లగా తగిలింది. కమాను బద్దెల వెంట కావి రంగు తీగలు పాకుతున్నాయి. ఒకచోట నోవా గొడ్డలి పట్టి ఓడ చెక్కుతున్నాడు. ఇంకోచోట చేప నోట్లోంచి యోనా నడుము దాకా బయటికొచ్చి, రెండు చేతులూ చాచి ఒడ్డు కోసం వెతుక్కుంటున్నాడు. ఆ పక్క మూలలో తను ఉంది. గొంతుకూర్చుని ఆవును పితుకుతోంది. ఒక సైతాను ఆవు తోక పట్టుకున్నాడు. ఇంకొకడు పళ్ళికిలించి వెన్న చిలుకుతున్నాడు. తలగుడ్డ అంచున నీలం రంగు మెరుస్తోంది.

బెంగ్తా వాసం పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఆవుకి అయిదు చన్నులు వేశారు" అంది చివరికి.

మేస్త్రి దగ్గరగా వచ్చి లెక్కపెట్టుకున్నాడు. "అవునే! పోనీలే, సైతాను పట్టిన ఆవు కదా." ఆయనే మళ్ళీ గొంతు తగ్గించి, "ఈ అంచు గీకేసి ఎర్రది వేస్తాను. నీ మీదికి ఎవరి చూపూ రాదు" అన్నాడు.

"ఎర్ర అంచు మిల్లు కాడి రాంబోర్‌ది."

"అయితే ఆకుపచ్చ."

"అది ఆవిడ చెల్లెలిది. ప్రతి అంచు వెనకా ఒక ఆడది ఉందండీ మేస్త్రి గారూ. నా తల మీదిది తీసి ఇంకో దాని తలకి చుడితే నాకు నిద్ర పడుతుందా?"

"మరేం చెయ్యమంటావు?"

"నాకూ తెలీదు. కొన్నాళ్ళు దాన్ని ముట్టుకోకండి."

అక్కణ్ణుంచి నేరుగా సిస్సెలా ఇంటికి వెళ్ళింది. సిస్సెలా వాకిట్లో బోర్లించిన పాలకుండలు ఊరికే తోముతోంది. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి. లోపల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"సిస్సెలక్కా, గుళ్ళో నా బొమ్మ చూసొచ్చాను."

"నీ బొమ్మేంటి? అది పాలదొంగ బొమ్మ. నీదని నువ్వంటున్నావు, నేననలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు దొరికిపోయానే అని బెంగ్తా ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత కోపం వచ్చింది. "నీలం అంచు చెప్పింది నువ్వు కాదా? ఆ కుండ మీద ఒట్టేసి చెప్పు."

సిస్సెలా కుండను విసిరికొట్టినంత పని చేసింది. "చెప్పాను! ఏం చేస్తావు? ఆ ఏడుపు వినపడుతోందా నీకు? కోడలికి పాలు పడలేదు. నా ఆవులు ఎండిపోయాయి. గంజి పోస్తే కక్కేస్తున్నాడు. వాడి చేతులు చూడు, పిచ్చుక కాళ్ళలా అయిపోయాయి. నీ ఇంట్లో చూస్తే రొట్టె మీదికి వెన్న! నేనేమనుకోవాలే?"

బెంగ్తా కోపం సగానికి సగం కరిగిపోయింది.

"నేను పాలు తెచ్చిస్తే వాడికి పోస్తావా?"

"నీ చేతి పాలా? చచ్చినా పొయ్యను."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ తేలేదు. నువ్వే రా. రేపు పొద్దున నా వెంటే ఉండు, నేను ఏం చేస్తానో చూడు. నచ్చితే నీ చేత్తో, నీ చెంబులో పితుక్కుని వెళ్ళు."

సిస్సెలా వస్తానని అనలేదు. కానీ తెల్లవారేసరికి బెంగ్తా పాక ముందు నిలబడి ఉంది. సైతాను దరి చేరకుండా నడుముకు ఇనుప కత్తి, కొంగున ఉప్పు మూట, పెదవుల మీద పరలోక జపం.

"యుద్ధానికా అక్కా?" అంది బెంగ్తా.

"నడు, నడు."

బెంగ్తా ఆవుల్ని ఎండిన బీళ్ళ వైపు కాకుండా పల్లంలోంచి సరస్సులోకి తోలింది. ఆవులు పొట్ట లోతు నీళ్ళలోకి దిగి, లేత రెల్లు పటపటా తెంపుకుని తినసాగాయి. సిస్సెలా ఒడ్డునే ఆగిపోయింది.

"ఓసి నీ దుంపతెగ! ఇక్కడ ఫిడేలు వాయించి మనుషుల్ని ముంచేసే నీళ్ళ దయ్యం ఉందని ఎవరూ చెప్పలేదా నీకు? మా అత్త ఎన్నిసార్లో చెప్పింది!"

"చెప్పారు. ఉంటే ఉండనీ. వాడు ఫిడేలు వాయించుకుంటాడు గానీ రెల్లు తినడుగా. మా దీవుల్లో ఎండలు ముదిరితే ఆవులన్నీ నీళ్ళలోనే ఉంటాయి. ఇక్కడ చెబుదామంటే నాతో మాట్లాడేదెవరు?"

సిస్సెలా ఒడ్డున రాయి మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా ఆ ఆవుల నోళ్ళ వైపే చూసింది. నీళ్ళలోంచి ఎవరూ లేవలేదు. ఆవులు బయటికొచ్చాక తనే కూర్చుని పితికింది. నురగ కట్టిన చెంబులో కత్తి మొన ముంచింది. పాలు నల్లబడలేదు, విరగలేదు. వేలితో నాకి చూసింది. చెంబు కొంగు కింద దాచుకుని ఇంటికి ఎంత వేగంగా నడిచిందంటే, వెళ్ళొస్తానన్న మాట కూడా బెంగ్తాకు వినపడలేదు.

పిల్లాడు ఆ పాలు తాగాడు. కక్కలేదు. మర్నాడూ తాగాడు. ఆ మర్నాడు సిస్సెలా ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో కర్ర పట్టుకుని తన ఆవుల్ని కూడా బెంగ్తా పల్లంలోంచి రెల్లులోకి తోలుకొచ్చింది. ఆ వారాంతానికి వాటి పొదుగులు కొద్దికొద్దిగా నిండటం మొదలైంది. కత్తి ఇంట్లోనే మిగిలిపోసాగింది.

బొమ్మ విషయం సిస్సెలా తనే ఎత్తింది. గుడి పాదిరి మాగ్నుస్ అయ్యగారు మేస్త్రి పని చూస్తున్నప్పుడు గుళ్ళోకి వెళ్ళి, ఆ పాలదొంగను చెరిపేయమని అడిగింది.

"నువ్వేగా వేయించింది?" అన్నారు అయ్యగారు.

"నేనే. నోరు జారిందయ్యా."

"పాపం ఉంది, సైతానూ ఉన్నాడు. జనం భయపడాలంటే బొమ్మ ఉండాలి. నేను తీయించను."

పరంజా మీది నుంచి మేస్త్రి గొంతు వినపడింది. "తలగుడ్డకి అంచు లేకపోతే అయ్యగారికేమైనా అభ్యంతరమా?"

మాగ్నుస్ అయ్యగారు గడ్డం గోక్కున్నారు. "తలగుడ్డ అంచుల గురించి సత్యవేదంలో ఏమీ లేదు" అనేసి వెళ్ళిపోయారు.

మేస్త్రి నీలం గీకి, తలగుడ్డను ఉత్త తెలుపు చేశాడు. మొహాన్ని కూడా మార్చాడు. కన్ను ఒకటీ, ముక్కు ఒకటీ గీసి వదిలేస్తే అది ఆడదో మగవాడో కూడా తెలియకుండా పోయింది.

ఆ ఆదివారం బెంగ్తా ఎప్పటిలాగే ఉత్తరం గోడకు ఆనుకుని నిలబడింది. చుట్టూ ఎప్పటిలాగే ఖాళీ. పూజ మొదలవుతుండగా సిస్సెలా పిల్లాణ్ణి చంకనేసుకుని, ముందు వరసలోని తన చోటు వదిలి, అందరూ చూస్తుండగా ఆ ఖాళీలోకి నడిచొచ్చింది.

"కాస్త జరుగు. ఇక్కణ్ణుంచైతే యోనా బాగా కనపడతాడు" అంది, గుసగుసగా కాదు, గుడంతా వినపడేట్టు.

బెంగ్తా జరిగింది. ఇంకేదో కూడా అంటుందేమోనని ఎదురు చూసింది. సిస్సెలా తత్త్వానికి అదే పెద్ద మాటని తర్వాత తర్వాత తెలిసొచ్చింది.

చలికి ముందు, మికాయేలు దూత పండుగకు, పరంజా విప్పారు. ఊరంతా మెడలు నొప్పెట్టేలా పైకి చూసింది. నోవా చేతిలోది అచ్చం కెట్టిల్ గొడ్డలేనని మగవాళ్ళు మురిసిపోయారు. ఆడవాళ్ళ వైపు మాత్రం పాలదొంగ ఎవరన్న గుసగుస బయల్దేరింది.

"మనూరిది కాదు. ఆ ముక్కు చూడు, పక్క ఊరి ముక్కు!" అంది రాంబోర్. అందరూ కిసుక్కుమన్నారు.

"పక్క ఊరి గుళ్ళోనూ ఒక పాలదొంగ ఉందట. వాళ్ళూ ఇటువైపు చూపించే ఇదే మాట అంటుంటారు" అంది బెంగ్తా.

రాంబోరే ముందు ఫక్కున నవ్వింది. అయ్యగారు బలిపీఠం దగ్గరి నుంచి వెనక్కి తిరిగి చూడాల్సొచ్చింది.

ఆ మూల వైపు చూడటం మాత్రం బెంగ్తాకు చాలాకాలం చేతకాలేదు. మరుసటి ఏడు వానలు పడ్డాయి, అయినా వేసవిలో ఊరి ఆవులు కొన్ని రెల్లులోకి దిగుతూనే ఉన్నాయి. సిస్సెలా కోడలికి ఆడపిల్ల పుట్టింది. జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకునే జ్ఞానతల్లిగా నిలబడమని సిస్సెలా వచ్చి అడిగింది. అడగడం కూడా దెబ్బలాటలాగే అడిగింది: "ఏం, రావా? నీకంటే బలమైన చేతులు ఇంకెవరికున్నాయి ఈ ఊళ్ళో?"

గుడి తలుపు పక్కన జ్ఞానస్నానపు పాత రాతి తొట్టి ఉంది. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియని సింహాలు దాని చుట్టూ తోకలు నోట్లో పెట్టుకుని తిరుగుతుంటాయి. అయ్యగారు చల్లటి నీళ్ళు నెత్తిన పోయగానే పిల్ల ఆ కప్పు ఎగిరిపోయేలా గుక్కపట్టింది.

"దీనికి ఊపిరి బాగానే ఉంది" అంది బెంగ్తా, బిడ్డను గుండెకు అదుముకుంటూ.

"మా వంశం గొంతే" అంది సిస్సెలా గర్వంగా, పిల్ల తల తన కొంగుతో తుడుస్తూ.