జరపని సంచులు

కూర్మయ్య నర్సరీలో నడుస్తున్నాడు, కానీ ఆ నర్సరీ ఎంతకీ తరగడం లేదు. ఉన్నది అరెకరం, ఈ కంచె దగ్గర చుట్ట వెలిగిస్తే ఆ కంచె దగ్గర ఆర్పెయ్యొచ్చు, ఈవేళ మాత్రం మొక్కల వరసలు కొండవాలు ఎక్కి, కొండ దాటి, మంచులోకి పోతున్నాయి. నల్లటి పాలిథిన్ సంచుల్లో ఎర్రమట్టి, మట్టిలో మొక్కలు, ఆ మొక్కల మధ్య గొంతుక్కూర్చుని సంచులు ఒక్కొక్కటే ఎత్తి పక్కకి జరుపుకుంటూ వస్తున్నాడు బావమరిది దాలినాయుడు, పోయిన మాఘంలో పాడె మీదికి ఎక్కించినప్పటి కొత్తపంచెతోనే, అప్పుడే దాన్ని మోకాళ్ళ దగ్గర మట్టి చేసుకుని.

చచ్చినవాడు ఎదురొస్తే భయపడాలని కూర్మయ్యకి తెలుసు. కానీ ఆ చచ్చినవాడు తలెత్తి, "ఏటి బావా, ఇంతాలీసం సేసినావు," అని విసుక్కుంటే భయపడడానికి సందేదీ?

"దార్లో నత్త అడ్డం పడుకుందిరా. తల కాడ బస్సెక్కితే తోక కాడికి వొచ్చేసరికి రెండు బస్సులు మారాల్సొచ్చింది."

"మగ నత్తా, ఆడ నత్తా?"

"టిక్కెట్టు కొట్టినోడు అడగలేదు మరి."

దాలినాయుడు నవ్వుతాడు, నవ్వుతూనే ఇంకో సంచి ఎత్తుతాడు, అడుగున పీచువేళ్ళు సన్నగా టుప్పుమని తెగుతాయి. బతికున్నన్నాళ్ళూ ఇదే వరస. గులాబీలకీ రంగురంగుల ఆకులకీ జనం టౌనుకి పోతుంటే, వీడు కొండలు పట్టి తిరిగి రేల, మద్ది, మోదుగ గింజలేరుకొచ్చి పెంచేవాడు. వాటిని అమ్మిపెట్టే పని కూర్మయ్య నోటిది. స్టూలు మీద కూర్చుని, ఈ రేలచెట్టు నీడలో కునుకు తీసిన మా తాతకి రాలిన పళ్ళు మళ్ళీ మొలిచాయనీ, ఆ పళ్ళతో చెరుకు నమిలాడనీ చెప్పేవాడు, వచ్చినవాళ్ళు కడుపుబ్బ నవ్వి, పోతూ పోతూ ఒక మొక్క పట్టుకుపోయేవాళ్ళు.

"మరి మన ఇప్పమొక్కలెలాగున్నాయి?" అంటాడు దాలినాయుడు.

ఆ మాటతో కొండ కరిగిపోతుంది, వరసల మధ్య ఇనప మంచాలు లేస్తాయి, సెలైన్ సీసాలు వేలాడతాయి, ఇది ఆస్పత్రి వార్డు, మంచాల కింద కూడా మొక్కల సంచులే, దాలినాయుడు మంచం మీద పడుకుని అదే మాట అడుగుతున్నాడు. ఆ కొండకి మిగిలిన ఒకే ఒక్క ఇప్పచెట్టు క్వారీ కింద పోయింది. పోకముందు వేసవిలో రాలిన గింజలు, నెల దాటితే మొలవని గింజలు, వీడు అంగీలో మూటగట్టి తెచ్చి నలభై మొక్కలు చేశాడు. ఆస్పత్రికి పోతూ కూర్మయ్యకి ఒకే పని అప్పగించాడు. "నెలకోసారి సంచులు జరుపు బావా. జరపకపోతే తల్లివేరు సంచి సీల్చుకోని నేల్లోకి దిగిపోద్ది. ఇప్పకి అదే పేనం. అది తెగితే మరి బతకదు."

నడుం నొప్పని ఒక నెల, వానని ఒక నెల, కథ మధ్యలో ఉందని ఒక నెల. ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ మాత్రం నోరు ఊరుకునేది కాదు.

"జరిపినాన్రా," అంటుంది ఇప్పుడూ ఆ నోరు, కూర్మయ్యని అడక్కుండానే. "ఎంత బలిసిపోనాయంటే క్రేను తెప్పించాల్సొచ్చింది. క్రేనోడు దణ్ణం ఎట్టి ఎల్లిపోనాడు."

దాలినాయుడి ఎండిన పెదాలు సాగుతాయి. "అలాగైతే అడుగున ఏలెట్టి సూడు బావా. ఏలికి వేరు తగలకూడదు."

కూర్మయ్య మంచం కిందికి వంగి, ఒక సంచి అడుగున వేలు పెడతాడు. వేరు తగులుతుంది, బొటనవేలంత లావు, చల్లగా, గచ్చుని చీల్చుకుని కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది, దాని వెంట వేలూ చెయ్యీ భుజమూ దిగిపోతున్నాయి, అప్పుడు కూర్మయ్య జన్మలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెడతాడు.

"ఒక్కసారీ జరపలేదురా దాలీ. నీ దినాలైన మర్నాడు కొండకింద ఊరోళ్ళు ఒచ్చినారు, మా ఇప్ప మాకిమ్మని. పట్టుకోని లాగితే తల్లివేరు టుప్పుమంది. తడవకో టుప్పు, నలభై తడవలూ. ఒద్దని సెప్పలేకపోనాను, సెప్తే నా అబద్దం బయటపడిపోద్ది గదా. ఎంత నీల్లోసినా వారానికి ఆకులు వాలిపోనాయి. ఒక్కటీ లేదురా."

దాలినాయుడి భుజాలు కదులుతాయి. ఏడుస్తున్నాడనుకుంటాడు కూర్మయ్య, ఏడిస్తే బాగుండును, తిడితే ఇంకా బాగుండును. కానీ వాడు నవ్వుతున్నాడు, దగ్గొచ్చేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా.

"నలభైకి నలభయ్యేటి? ఒకటైనా ఒగ్గకపోనావా, కోతలు కోసినా ఒక అంతుండొద్దేటి?"

"నిజంరా."

"నిజమే. నత్తా నిజమే."

"మీ అప్ప మీద ఒట్టు."

"మీ తాత పళ్ళ కతకీ అప్ప మీదే ఒట్టేసినావు." దాలినాయుడు మంచం దిగి, మళ్ళీ మట్టిలో గొంతుక్కూర్చుంటాడు, చుట్టూ మళ్ళీ కొండ, మంచు. "నువ్వున్నావన్న దయిర్నంతోనే పోనాను బావా," అని, సంచులు ఒక్కొక్కటే జరుపుకుంటూ, ఏ బెంగా లేని మనిషిలా, మంచులోకి దూరమవుతాడు. కూర్మయ్య వెంటపడబోతాడు, మడమలు నేల విడిచి రావు. అరుస్తాడు, నిజం నిజం అని, అరిచేకొద్దీ మంచు లోపల ఎక్కడో వాడు ఇంకా గట్టిగా నవ్వుతాడు.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నర్సరీ పాకలో నులకమంచం, రేకుల మీద ఎండ. గుమ్మంలో నిలబడి ఉంది పైడమ్మ, ఆయన భార్య, దాలినాయుడు అప్పా అని పిలిచే అక్క.

"ఏటా కలవరింత? ఎవులికి ఒట్టేస్తన్నావు?"

కూర్మయ్య నోరు తెరిచాడు. ఏ కథా రాలేదు. కుడిచెయ్యి మంచం కింద వేలాడుతోంది, ఊరివాళ్ళు తిరిగిచ్చేస్తే పారెయ్యలేక అక్కడ దాచిన ఖాళీ సంచుల్లోకి. పైకి తీసి చూసుకున్నాడు. చూపుడువేలు ఒక సంచి అడుగునున్న చిల్లులోంచి, ఇప్పవేరు చీల్చుకుపోయిన చిల్లులోంచి, బయటికి వచ్చి ఉంది.

వేలికి ఏ వేరూ తగలడం లేదు.