ఆఖరి పాటలో ఈల

ఆ ముగ్గురి బ్యాండుకు పెద్ద దిక్కు గిటారు వాయించే అన్న. డ్రమ్ములు తమ్ముడివి. సింథసైజర్ దగ్గర అన్న భార్య కూర్చునేది. భూమిని వదిలి, గ్రహాలన్నీ దాటి ఎటో కొట్టుకుపోయే ఒక వ్యోమనౌక కథను ఆల్బమంతా పాటలుగా అల్లుకున్నారు. గోడలకు పాత పరుపులు కొట్టిన అద్దె గదే వాళ్ల స్టూడియో.

ఆఖరి పాట తప్ప అన్నీ రికార్డయ్యాయి. మిక్సింగ్ కూడా తానే చేస్తానని అన్న పట్టుబట్టాడు. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి సింబల్స్ మొద్దుగా మోగుతున్నాయని తమ్ముణ్ణి కసిరాడు. తమ్ముడు కొత్తవి తెచ్చినా పెదవి విరిచి, సన్నని స్వరాల మోత, ట్రెబుల్, పెంచుకుంటూ పోయాడు. వింటుంటే మిగతా ఇద్దరికీ చెవుల్లో సూదులు గుచ్చినట్టుండేది. అంతరిక్షమంటే అలాగే ఉండాలనుకుంటున్నాడేమోనని భార్య సరిపెట్టుకుంది. అన్న మాటకు ఎదురుచెప్పే అలవాటు తమ్ముడికి ఏనాడూ లేదు.

ఆఖరి పాట చివర, నౌక కనుమరుగయ్యే చోట, ఒక సన్నని ఈల మాత్రమే మిగలాలి. దానికోసం ఆమె ఎన్నో రోజులు తంటాలు పడింది. రికార్డింగు నాడు మీట నొక్కి పట్టుకుంది. గదంతా ఈల నిండిపోయింది.

"ఇంకెప్పుడు మొదలుపెడతావ్?" అని అన్న ఆమెను అడిగాడు.

తమ్ముడు వదిన ముఖంలోకి చూశాడు.

"మోగుతూనే ఉంది," అందామె మెల్లగా.

ఇద్దరూ ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. స్పీకరుకు చెవి ఆనించి, వాల్యూమ్ పెంచి చూశాడు.

చెవుల డాక్టరు ఏమీ దాచలేదు. సన్నని స్వరాలకు పోయిన వినికిడి తిరిగి రాదు, మిగిలింది కూడా మెల్లగా పోతుంది అన్నాడు. మిక్సింగ్ వేరే ఇంజనీరుకు అప్పగించక తప్పలేదు. ఆల్బం బయటికొచ్చాక, విన్న ఆ కొద్దిమందీ ఈల గురించే మాట్లాడారు. అన్న తలూపేవాడు. కొన్నాళ్లకు తమ్ముడు ఇంకో బ్యాండులో చేరనా అని నసుగుతూ అడిగితే, వెళ్లమన్నాడు.

ఇంట్లో ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయించుకునేది. ఒకరోజు అతను గుమ్మంలో నిలబడి చూశాడు.

"తీసెయ్ అవి. నాకు వినపడదని నువ్వు దొంగచాటుగా వాయించుకోవడమేంటి?"

ఆమె వైరు పీకేసి వాయించింది. అతను పక్కన కూర్చుని ఆమె వేళ్లకేసి చూస్తూ ఉన్నాడు. చెయ్యి సన్నని స్వరాలుండే కుడివైపు మీటల మీదికి జరిగేసరికి లేచి, లోపలి గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాడు.

కాసేపటికి ఏడుపు వినిపించింది. అది గది దాటి ఎంత గట్టిగా వినిపిస్తోందో అతనికి తెలియదు. ఆమె చేతిని అతనికి వినపడే ఎడమవైపు మీటల మీదికి జరిపింది, వాయించడం మాత్రం ఆపలేదు. ఆపితే, విన్నదని అతనికి తెలిసిపోతుంది.