ఎడమకి రెండు టిక్కులు

టోరున్ దిండు కింద నుంచి తుపాకీ బోల్టు తీసి, గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. రాత్రి తుడిచిందే. అయినా మళ్లీ తుడిచింది. ఫ్లాస్కు మూత తీసి కాఫీ వాసన చూసింది. కారు వెనక తగిలించుకొచ్చిన బండి ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసింది.

కొండల నడుమ పచ్చిక మైదానమంతా గుడారాలు. ఏటా ఆగస్టులో జాతీయ పోటీకి నార్వే నలుమూలల నుంచి రైతులు, బడిపంతుళ్లు, వడ్రంగులు ఇలాగే తుపాకులతో దిగుతారు. ఇది ఎవరికీ బతుకుతెరువు కాదు. టోరున్ తన ఊళ్లో వృద్ధాశ్రమం బట్టలుతికే గదిలో పని చేస్తుంది. యంత్రంలో వేసేముందు ప్రతి జేబూ తిరగేస్తుంది. పొడవాటి మనిషి, ఎముకలు తేలిన భుజాలు, సబ్బునీళ్లకి ఎర్రబారిన వేళ్లు. యాభై ఆరేళ్లొచ్చినా ఎన్నడూ ఫైనల్ చేరలేదు. ఈసారి నిన్నటిదాకా గుళ్లు బాగానే పడ్డాయి. ఇవాళ ఆఖరి వరస కాల్పుల్లో గురి నిలబెట్టుకుంటే చాలు.

"ఏమే, తాళం పడిందా? పోయి నేను కూడా ఓసారి లాగి రానా?"

వెనక సిగ్నె గొంతు. పక్క లోయ మనిషి, పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే విభాగం. పతకాలు మాత్రం సిగ్నెకే.

"నా తాళం సంగతి నీకెందుకు? నీ వంతు ఎప్పుడు?"

"నాదైపోయిందిలే."

పొద్దున వంతుల బోర్డు మీద సిగ్నె పేరే లేదు. ఏం దాస్తోంది ఈవిడ?

"ఓ మాట విను," అంది సిగ్నె. "మొదలెట్టాక మాట్లాడనివ్వరు. సైటు ఎడమకి రెండు టిక్కులు తిప్పు." గురిచూసే సైటుకున్న మర తిప్పితే, ఒక్కో టిక్కుకీ గుండు వెంట్రుకవాసి పక్కకి జరిగి పడుతుంది.

"జెండాలు కదలనే లేదుగా."

"ఈ వేళకి ఏటి వైపు నుంచి లేస్తుందే గాలి. జెండాల దాకా రాదు. నిన్న చూశాను. ఆపై నీ ఇష్టం."

నాలుగేళ్ల కిందట సిగ్నె ఇలాగే "గాలి లేదు, తిప్పకు" అంది. ఆ మాట పట్టుకుని టోరున్ గురి చెడగొట్టుకుంది. ఆ పూట పతకం సిగ్నె మెళ్లో పడింది. మధ్యలో గాలి మారిందే అని తర్వాత సిగ్నె సర్దిచెప్పింది. మారే ఉండొచ్చు. కానీ ఈ నాలుగేళ్లూ టోరున్ జేబులతో పాటు ఆ మాటనీ తిరగేస్తూనే ఉంది.

మొగుడు ఐవిన్ విషయంలోనూ అంతే. అతను పాలబండి తోలి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే, టోరున్ బయటికెళ్లి ఇంజను మీద చెయ్యి పెట్టి చూసేది, బండి ఆగి ఎంతసేపయిందోనని. ఎప్పుడూ ఏమీ బయటపడలేదు. పడలేదంటే బాగా దాస్తున్నాడనుకుంది. చివరికొక రోజు అతను బట్టలు సర్దుకుంటూ, "ఇది కాపురం కాదు టోరున్, తనిఖీ," అన్నాడు నెమ్మదిగా. అక్క ఇంటికి పోయాడు. టోరున్ రెండుసార్లు వెళ్లి దూరం నుంచే చూసి వచ్చింది. అక్క తప్ప పక్కన మరో ఆడమనిషి లేదు.

తన వంతు రాగానే టోరున్ చాప మీద బోర్లా పడుకుని, తుపాకీ పట్టీ మోచేతికి బిగించుకుంది. వేళ్లు సైటు మీదికి వెళ్లాయి. సిగ్నె మాట నమ్మితే మోసపోతుందేమో. నమ్మకపోతే పోగొట్టుకుంటుందేమో. ఒక్క టిక్కు తిప్పింది. రెండోది తిప్పలేదు.

మొదటి గుండు, గురిబోర్డు నడుమ పది పాయింట్ల వలయం గీతకి ఆనుకుని బయట, కుడి పక్కన పడింది. తొమ్మిది. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే. తిప్పుదామనుకుంది. సిగ్నెకి కావలసిందే ఇదేమో అనుకుని ఆగింది. ఆఖరి గుండుకి మాత్రం, ఇక పోయేదేముందని, మిగిలిన టిక్కు తిప్పి కొట్టింది. పక్కనున్న చిన్న తెర మీద చుక్క పదికి నట్టనడుమ వెలిగింది.

ఒక్క పాయింటు తేడాలో ఫైనల్ పోయింది.

కాఫీ గుడారంలో సిగ్నె వాళ్ల క్లబ్బు ముసలాయన హల్వర్ వాఫిల్ అట్టు మీద గోధుమరంగు జున్ను పరుచుకుంటున్నాడు.

"సిగ్నె ఎక్కడ?" అంది టోరున్.

"ఇందాకే బస్సెక్కింది. ఇక పోటీలకి రానంది."

"ఏం?"

"గురిపెట్టే కన్ను పోయిందిగా, మొన్న వసంతంలో. తుపాకీ కూడా అమ్మేసింది. నీకు చెప్పలేదా?"

టోరున్ కళ్లు చిట్లించింది. "మరి ఎందుకొచ్చినట్టు?"

"ఊరికే వస్తానంది. నేనేం అడుగుతాను?"

కాఫీ సగం తాగి లేచింది. ఏదైనా మరిచానేమోనని మళ్లీ కాల్పుల చోటికి వెళ్లింది. ఏమీ మరిచిపోలేదు. చాపలు ఎత్తేశారు. జనం ఫైనల్ వైపు మళ్లారు. తను పడుకున్న చోటుకి సరిగ్గా వెనక, తన గురి వైపే తిప్పి, నీలం గుడ్డ మడతకుర్చీ ఒకటి ఉంది. వీపు గుడ్డ మీద సిగ్నె పేరు దారంతో కుట్టి ఉంది. చాలాసేపు ఎవరో కదలకుండా కూర్చున్నట్టు, దాని నాలుగు కాళ్లూ తడి పచ్చికలోకి లోతుగా దిగబడి ఉన్నాయి.