ఐదు కిలోమీటర్ల లోతు బురద

2001లో నా రీసెర్చి మొత్తం ఒక గుప్పెడు బురద మీద ఆధారపడి ఉండేది. హిందూ మహాసముద్రంలో ఐదు కిలోమీటర్ల లోతు నుంచి ఓడవాళ్ళు తీసి, దయతలచి మా ల్యాబుకు ఇచ్చిన బురద. అందులోని సూక్ష్మజీవులు నెత్తిన అంత నీటి బరువు ఉంటేనే చురుగ్గా మేత మేస్తాయని నా నమ్మకం. తిరుపతిలో సముద్రపు అడుగు ఎక్కణ్ణించి తెచ్చేది?

మా నాయన వరదయ్య తెచ్చాడు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. నెల రోజులు తంటాలు పడి మందపాటి ఉక్కు సిలిండరు చేసిచ్చాడు. అందులో బురద, నీళ్ళు, కాస్త మేత నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచి, పాత ఫ్రిజ్‌లో ఉంచేవాళ్ళం. పొద్దున నన్ను మోపెడ్ మీద దింపి పంపు కొట్టి వెళ్ళేవాడు. రాత్రంతా ఉండి ఒత్తిడి కొంచెం తగ్గి ఉంటుందిలే అనుకునేదాన్ని. సాయంత్రం మళ్ళీ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి, నేను రిజిస్టర్లో సంతకం పెట్టేలోగా ల్యాబు మూసి వచ్చేవాడు.

పది రోజుల తర్వాత తెరిచి చూస్తే వేసిన మేత వేసినట్టే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాం. ఇక మిగిలింది ఒక్కసారికి సరిపడే బురద. అదీ పోతే నా మూడేళ్ళు వృథా.

రెండోసారి ఎనిమిదో రోజు సాయంత్రం, గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. నాయన సిలిండరు మర వదులు చేస్తున్నాడు. ఒత్తిడి చూపే ముల్లు సున్నాకి దిగిపోయింది. రోజూ ఇదే పని అట. సాయంత్రం వదిలెయ్యడం, పొద్దున మళ్ళీ ఎక్కించడం.

నా నోరు మంచిది కాదు. వాటిని చంపింది నువ్వేనని, నీ ఫిట్టరు తెలివి నా చదువుకు చుట్టుకుందని కారిడార్ అంతా వినపడేలా అరిచాను. నాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఫ్యాక్టరీలో నా జతన పన్జేసే నారాయణ ఇట్టే ఒత్తిడి మింద వదిలేసిన గాలి సిలిండరు కాడికి పొద్దున్నే పోయినాడు. మళ్ళా ఇంటికి రాలేదు," అన్నాడు. "ఈడ పొద్దున్నే తలుపు తీసేది నువ్వు గదమ్మా."

సిగ్గేసింది. ఆయన్ని కూర్చోబెట్టి, అది గాలి, ఇది నీళ్ళు అని, నీళ్ళు గాలిలా ఎగిరి పేలవని చెప్పాను. తలూపాడు. నమ్మలేదని మొహమే చెప్తోంది.

మిగిలిన బురదతో మూడోసారి మొదలుపెట్టాం. ఈసారి మర ముట్టుకోలేదు. కానీ పొద్దున మోపెడ్ దిగగానే చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇట్టా ఇయ్యి. నువ్వు ఆ మెట్లకాడ ఉండు."

వాదించబోయి ఊరుకున్నాను. పది రోజులూ మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఆయన తలుపు తీసి, ఫ్రిజ్ దాకా వెళ్ళి, చూసి, అప్పుడు రమ్మని పిలిచేవాడు. నమ్మకం లేని వస్తువు దగ్గరికి, నా కోసం, రోజూ ముందు తనే వెళ్ళాడు.

పదకొండో రోజు లెక్క చూస్తే సగానికి పైగా మేత ఖాళీ.

"బతికినాయా?" అన్నాడు.

"బతికినాయి నాయనా," అన్నాను. ఆయన కుర్చీలో కూలబడి, పది రోజుల తర్వాత ఊపిరి వదిలాడు.